పనిచేసే చోట జ్ఞాపిక ఇవ్వాలంటే: మొదటి వాక్యం నుంచి అందజేత దాకా

“మా దగ్గర బాగా పనిచేసిన ఒకరికి జ్ఞాపిక ఇవ్వాలనుకుంటున్నాం, ఏది కొనమంటారు?” నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. దాని వెనకే ఇంకొకటి వస్తుంది: “పోయినసారి ఖరీదైన ట్రోఫీయే ఇచ్చాం. తీసుకున్నాయన దాన్ని ఇంటికి కూడా పట్టుకెళ్లలేదు. ఎందుకంటారు?”

రెండింటికీ జవాబు ఒకటే. జ్ఞాపికను చూడగానే ఏ పనికి ఇచ్చారో తెలియాలి. అది తెలియకపోతే బంగారు పూత వేయించినా అల్మరాలో మూలన పడి ఉంటుంది. తెలిస్తే చిన్న ఇత్తడి బిళ్ల అయినా ఏళ్ల తరబడి బల్ల మీద నిలుస్తుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ ఒక్క సంగతి కోసమే.

“అంత హంగామా ఎందుకు, డబ్బే ఇస్తే పోదా?” అని కూడా అడుగుతారు. జర్మనీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుస్తకాల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి తాత్కాలికంగా తీసుకున్నవారితో ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అది 2012లో ప్రచురితమైంది. చెప్పిన జీతం మీద కొందరికి 7 యూరోలు అదనంగా ఇచ్చారు. మరికొందరికి అంతే విలువ చేసే థర్మోస్ సీసాను కాగితంలో చుట్టి ఇచ్చారు. డబ్బు అందినవారి పనిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. సీసా అందుకున్నవారి పని దాదాపు నాలుగో వంతు పెరిగింది. అదే డబ్బు నోటును శ్రద్ధగా బొమ్మలా మడిచి ఇచ్చినప్పుడు కూడా పని పెరిగింది. ఇచ్చేవాళ్లు తమ కోసం కొంత శ్రమ తీసుకున్నారన్నది మనిషికి ఇట్టే తెలుస్తుంది. అలాగని ఇవ్వాల్సిన జీతానికి, పెంపుదలకు, ఓవర్‌టైం డబ్బుకు బదులుగా జ్ఞాపిక ఇవ్వకండి. బాకీ తీర్చాక ఇస్తే అది గౌరవం. బాకీ ఉంచుకుని ఇస్తే అవమానం.

కావలసినవి

- చేసిన పని వివరం. ఏ రోజు, ఏ చోట, ఏం జరిగింది అన్నంత స్పష్టంగా.
- ఆ పనిని దగ్గరుండి చూసినవారు ఇద్దరు. పై అధికారి ఒక్కరి మాట చాలదు.
- అందుకునేవారి పేరు, వారు స్వయంగా రాసుకునే తీరులో.
- చెక్కే పని చేసేవారు. అంతకుముందు చేసిన పనుల నమూనాలు చూపించగలిగి ఉండాలి.
- సమయం. ఒకటి రెండు వస్తువులైతే రెండు వారాలు, అచ్చు తయారు చేయించాల్సి వస్తే నెలకు పైనే పెట్టుకోండి.
- ఎవరికి, ఎప్పుడు, దేనికి ఇచ్చారో రాసి ఉంచే పుస్తకం.

అడుగు 1: చేసిన పనిని ఒక్క వాక్యంలో రాయండి

దుకాణానికి వెళ్లకముందే ఈ పని చేయండి. “ఫలానావారు ఫలానా పని చేశారు, దానివల్ల ఇది జరిగింది” అన్న పద్ధతిలో రాయండి. రాయలేకపోతే అక్కడే ఆగండి. ఆ మనిషి మంచివారే కావచ్చు, చాలాకాలంగా పనిచేస్తూ ఉండవచ్చు. కానీ మీరు గుర్తించాలనుకున్న పని ఏదో మీకే తేలలేదన్న మాట. వారితో కలిసి పనిచేసేవారిని అడగండి. “ఈయన లేకపోతే ఈ ఏడాది మనకు ఏది ఆగిపోయేది?” అని అడిగితే చాలాసార్లు మీరు అనుకోని జవాబు వస్తుంది. మీ కంటికి కనిపించిన పని కన్నా అదే పెద్దదై ఉంటుంది.

ప్రమాదం జరగకుండా ఆపినవారు, తప్పు బయటికి వెళ్లకముందే పట్టుకున్నవారు, కొత్తగా వచ్చినవారికి పని నేర్పినవారు సాధారణంగా ఎవరి లెక్కలోకీ రారు. జరగని నష్టం కంటికి ఆనదు కదా. మొదట వెతకాల్సింది వాళ్ల కోసమే.

అడుగు 2: ఎవరికి, ఎందరికి

అందరికీ ఇస్తే అది గుర్తింపు కాదు, పంపకం. పంపకం చేయాలనుంటే పండగ కానుకగా చేయండి, జ్ఞాపిక పేరు పెట్టకండి. ఇంకోవైపు, ఏడాదికి ఒక్కరికే అని గిరి గీస్తే మిగిలినవారు ముందే ఆశ వదులుకుంటారు. సంఖ్య ముందే నిర్ణయించకుండా, ఆ స్థాయి పని జరిగినప్పుడు ఇవ్వడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఆరు నెలలు ఒక్కటీ ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఒకే నెలలో మూడు ఇచ్చినా ఫరవాలేదు.

పని నలుగురు కలిసి చేస్తే నలుగురికీ ఇవ్వండి. ఒక పెద్ద ట్రోఫీని నలుగురికి కలిపి ఇస్తే చివరికి అది బృంద నాయకుడి గదిలో చేరుతుంది. దాని బదులు నాలుగు చిన్నవి చేయించి, ఒక్కో దాని మీద వారి వారి వంతు పని రాయించండి.

హెచ్చరిక: కాంట్రాక్టు మీద పనిచేసేవారిని, రాత్రి షిఫ్టువారిని, దూరం నుంచి పనిచేసేవారిని జాబితా వేసేటప్పుడే కలపండి. అదే పని చేసిన ఇద్దరిలో ఒకరు శాశ్వత ఉద్యోగి కాదని వదిలేస్తే, జ్ఞాపిక అందుకున్నవారికి కూడా దాన్ని బల్ల మీద పెట్టుకోవడానికి మొహమాటంగా ఉంటుంది.

అడుగు 3: వస్తువు ఎంపిక

ఇప్పుడు వస్తువు సంగతి. మీ వాక్యం ఎంత పొడుగుందో, అందుకునేవారు ఎలాంటి చోట పనిచేస్తారో చూసుకుంటే ఎంపిక సులువవుతుంది.

*బిళ్ల లేదా నాణెం.* సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు చేతికి బాగుంటుంది. జేబులో పడుతుంది, బల్ల మీదా ఉంటుంది. అయితే అచ్చు పోయించే బిళ్లలకు మొదట అచ్చు ఖర్చు పడుతుంది కాబట్టి నాలుగైదు కోసం చేయించడం దండగ. కొద్ది సంఖ్యకైతే సాదా ఇత్తడి బిళ్లలు తీసుకుని లేజర్‌తో చెక్కించండి.

*బ్యాడ్జీ.* రోజూ ధరించగలిగేది కాబట్టి దీనికి ఉన్న బలం వేరు. కానీ ఆహారం తయారయ్యే చోట, తిరిగే యంత్రాల దగ్గర ఊడి పడే వస్తువులు ధరించనివ్వరు, ధరించకూడదు కూడా. అయస్కాంతంతో అంటుకునే బ్యాడ్జీలు పేస్‌మేకర్ ఉన్నవారికి ప్రమాదం. ముందుగా అడిగి తెలుసుకోండి.

*ఫలకం.* రెండు మూడు పంక్తులు రాయించాలంటే ఇదే సరైనది. చెక్క మీద లేజర్ అక్షరాలు గోధుమరంగులో నిలిచి ఉంటాయి. ఇత్తడికి పైన లక్క పూత లేకపోతే కొన్నాళ్లకు నల్లబడుతుంది. యాక్రిలిక్ చవక, చూడ్డానికి గాజులా ఉంటుంది గానీ త్వరగా గీతలు పడుతుంది, స్పిరిట్‌తో తుడిస్తే సన్నని పగుళ్లు వస్తాయి. మెత్తని తడిబట్టే వాడమని ఇచ్చేటప్పుడు చెప్పండి. ఏ వస్తువైనా సరే, అక్షరాలు స్టిక్కర్ మీద ముద్రించి అంటించేది మాత్రం వద్దు. మొదట పేరే ఊడిపోతుంది.

*ఆ పనిలోంచే వచ్చిన వస్తువు.* నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మార్చేసిన పాత బేరింగు, కొత్త యంత్రం మీద తయారైన మొదటి నమూనా, పక్కన పెట్టేసిన సర్క్యూట్ బోర్డు, బృందమంతా చేతిరాతతో సరిదిద్దిన మొదటి ప్రతిలోని ఒక పేజీ. శుభ్రం చేసి, పదునైన అంచులు అరగదీసి, చెక్క పీట మీద బిగించి కింద ఒక చిన్న రేకు మీద మాట రాయిస్తే దానికి సాటి వచ్చే ట్రోఫీ ఏ దుకాణంలోనూ దొరకదు. రెండు జాగ్రత్తలు: తుక్కు సరుకుకు కూడా లెక్క ఉంటుంది కాబట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రహస్యంగా ఉంచాల్సిన నమూనాలు, ఖాతాదారుల వివరాలు ఉన్న కాగితాలు వాడకండి.

ఏమీ కుదరకపోతే మంచి కాగితం మీద చేత్తో రాసిన లేఖ, దానికి ఒక సాదా ఫ్రేము. ఇది తక్కువరకం కాదు. తెలియని ట్రోఫీ కన్నా తెలిసిన చేతిరాత మేలు.

వస్తువు విలువ ఎక్కువైతే దాని మీద పన్ను పడుతుందేమో లెక్కల విభాగాన్ని ముందే అడగండి. గౌరవం అందుకున్న మనిషి జీతంలో ఆ నెల కోత పడకూడదు.

అడుగు 4: చెక్కించే మాటలు

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. చాలామంది మూడు వారాలు వస్తువు వెతికి, రాయించే మాటలను చెక్కే అతనికే వదిలేస్తారు. ఆయన తన దగ్గరున్న పాత వాక్యమే వేస్తాడు.

ఒక ఉదాహరణ చూడండి. గిడ్డంగిలో ఉన్న సరుకుకూ పుస్తకాల్లో ఉన్న లెక్కకూ నెలల తరబడి పొంతన కుదరలేదు. ఒక ఉద్యోగిని పాత రసీదులు వరుసగా చూసి, రెండు వేర్వేరు సరుకులకు ఒకే కోడ్ పడిందని పట్టుకున్నారు. ఆమెకు ఇచ్చే ఫలకం మీద ఏం రాయించాలి?

మొదటి ప్రయత్నం: “అంకితభావంతో కూడిన విశిష్ట సేవలకు గుర్తింపుగా.” ఇది ఎవరికైనా సరిపోతుంది, అంటే ఎవరిదీ కాదు.

రెండో ప్రయత్నం: “గిడ్డంగి నిర్వహణలో ప్రతిభకు.” కొంచెం నయం. కానీ ఐదేళ్ల తర్వాత ఆమె కూతురు “ఏం చేశావమ్మా?” అని అడిగితే ఫలకం జవాబు చెప్పదు.

మూడోది: “రెండు సరుకులకు ఒకే కోడ్ పడిందని కనిపెట్టి, గిడ్డంగి లెక్క సరిచేసినందుకు.” ఇదీ మాటంటే. ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు, అయినా చదివినవారికి ఆమె మీద గౌరవం కలుగుతుంది.

అందుకే ‘ఉత్తమ’, ‘విశిష్ట’, ‘అద్భుత’ లాంటి విశేషణాలు కొట్టేయండి. చేసిన పనిని చెప్పే క్రియ ఉందో లేదో చూడండి: కనిపెట్టి, ఆపి, నేర్పి, నిలబెట్టి. తర్వాత పేరు, నెల, సంవత్సరం. సంస్థ చిహ్నం వెనకవైపో మూలనో చిన్నగా ఉంటే చాలు. ముందువైపు సగం స్థలం చిహ్నానికి ఇచ్చి, పేరును అడుగున ఇరికించిన జ్ఞాపికలు చాలా చూస్తాం. చూసేవారికి అది ప్రకటన బోర్డులా ఉంటుంది.

బిళ్ల మీద ఒక్కో వైపు ఐదారు పదాలకు మించి పట్టవు. వాక్యం పెద్దదైతే బిళ్ల మీద పేరు, తేదీ పెట్టి, మిగతాది వెంట ఇచ్చే లేఖలో రాయండి.

అడుగు 5: ప్రూఫ్ చూడండి

తెలుగులో చెక్కిస్తున్నట్టయితే ఈ అడుగు తప్పించుకోలేరు. మీరు పంపిన అక్షరాలు చెక్కే అతని కంప్యూటర్‌లో ఫాంటు మారి తెరుచుకుంటే ఒత్తులు విడిపోతాయి, క్రావడి పక్కకు జరుగుతుంది, పొల్లు మాయమవుతుంది. వాక్యాన్ని టైపు చేసిన అక్షరాలుగా కాకుండా బొమ్మగానో పీడీఎఫ్‌గానో పంపండి. చెక్కే ముందు తెర మీద కనిపించేదాన్ని ఫొటో తీసి పంపమనండి. అక్షరం మరీ చిన్నదైతే ఒత్తుల మధ్య ఖాళీ పూడిపోతుంది. అసలు కొలతలోనే కాగితం మీద ముద్రించి, చేయి చాచినంత దూరంలో పట్టుకుని చదవండి. కళ్లు చికిలిస్తే అక్షరం పెంచండి, లేదా మాట తగ్గించండి.

పేరు సంగతి. హాజరు పట్టీలో ఉన్నదే సరైనదని అనుకోవద్దు. ఇంటిపేరు పూర్తిగా రాసుకుంటారా, పొడి అక్షరాలతోనా, దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అన్నది ఆ మనిషినే అడగాలి. ముందే తెలిసిపోతుందన్న బెంగ ఉంటే దగ్గరి సహోద్యోగిని అడగండి. పేరులో తప్పు పడితే ఆ వస్తువు ఇవ్వకండి. “తర్వాత మార్చి ఇస్తాం” అంటూ తప్పు పేరుతో ఇవ్వడం కన్నా పది రోజులు ఆలస్యం చేయడమే నయం.

అడుగు 6: ఎవరి చేతుల మీదుగా

అందరికన్నా పై అధికారి ఇస్తేనే గౌరవం అనుకుంటాం. ఆ పని విలువ స్వయంగా తెలిసినవారు ఇస్తే అంతకన్నా ఎక్కువ గౌరవం. ప్రాచీన రోమ్‌లో సైనికుడికి దక్కే అత్యున్నత గౌరవం గడ్డితో అల్లిన కిరీటం. యుద్ధం జరిగిన చోటే పెరిగిన గడ్డి కోసి, ఏ సేన ప్రాణాలు దక్కాయో ఆ సేనే తమను కాపాడినవారికి పెట్టేది. బంగారు కిరీటాలు దానికి దిగువే.

ఇప్పటి కాలంలో నాసా ఇచ్చే ‘సిల్వర్ స్నూపీ’ చూడండి. 1968 నుంచి ఉంది. కుక్కపిల్ల బొమ్మ ఉన్న చిన్న వెండి పిన్ను అది. అంతరిక్షంలోకి వెళ్లి వచ్చిన పిన్నునే ఇస్తారు, ఏ యాత్రలో వెళ్లిందో వెంట ఉన్న లేఖలో ఉంటుంది. ఏటా దాన్ని అందుకునేవారు మొత్తం సిబ్బందిలో 1 శాతం లోపే. అన్నిటికన్నా ముఖ్యం, దాన్ని ఒక వ్యోమగామి స్వయంగా ఆ ఉద్యోగి పనిచేసే చోటికి వచ్చి తొడుగుతారు. ఎవరి ప్రాణం ఆ ఉద్యోగి పని మీద ఆధారపడిందో వాళ్లే వచ్చి ఇస్తున్నారన్న మాట.

మీ దగ్గర వ్యోమగామి ఉండనక్కర్లేదు. యంత్రం బాగుచేసినవారికి ఆ యంత్రం నడిపేవారు ఇవ్వాలి. లెక్క సరిచేసినవారికి ఆ లెక్కతో రోజూ తంటాలు పడ్డ గుమస్తా ఇవ్వాలి. పై అధికారి పక్కన నిలబడి వింటే చాలు.

అడుగు 7: అందజేత

అచ్చు చేయించాల్సిన వస్తువైతే తప్ప, పని జరిగిన రెండు మూడు వారాల్లోపే ఇవ్వండి. వార్షికోత్సవం దాకా ఆపితే సంఘటన చల్లారిపోతుంది, పైగా ముప్ఫై మంది వరుసలో ఈయన పదిహేడోవారవుతారు. వీలైతే వారు పనిచేసే చోటే, సహచరుల మధ్య, ఐదు నిమిషాల్లో ముగించండి.

ఇచ్చేవారు ఏం చెప్పాలి? జరిగింది జరిగినట్టు. గిడ్డంగి ఉదాహరణే తీసుకుంటే: “లెక్క కుదరక అందరం కంప్యూటర్ తప్పనుకున్నాం గుర్తుందా? ఈవిడ మాత్రం పాత రసీదులు ముందేసుకుని కూర్చున్నారు. మూడో రోజు సాయంత్రం రెండు రసీదులు పట్టుకుని నా దగ్గరికొచ్చి, ‘ఈ నంబర్లు చూడండి’ అన్నారు. ఆ రోజు నుంచి నాకు నెలాఖరు భయం పోయింది. అందుకు ఇది, అమ్మా.” ఇంత చాలు. తర్వాత ఫలకం మీది వాక్యం పైకి చదివి చేతిలో పెట్టాలి.

నలుగురిలో నిలబడటం ఇష్టం లేనివారు ఉంటారు. ముందు రోజు మెల్లగా అడగండి. వద్దంటే వారి బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురి మధ్య ఇవ్వండి. దూరం నుంచి పనిచేసేవారికి పార్సిల్ ముందే పంపి, వీడియో కాల్‌లో అందరూ చూస్తుండగా వారినే విప్పమనండి. పార్సిల్ చేరిందో లేదో ఖాయం చేసుకున్నాకే కాల్ పెట్టండి.

అడుగు 8: పుస్తకంలో రాయండి

పేరు, తేదీ, చెక్కించిన వాక్యం పూర్తిగా, ఇచ్చినవారి పేరు. రెండేళ్ల తర్వాత మీ స్థానంలోకి వచ్చినవారికి ఏ స్థాయి పనికి ఇస్తున్నారో ఈ పుస్తకమే చెబుతుంది. ఎవరి జ్ఞాపికైనా పోయినా విరిగినా అదే మాటతో మళ్లీ చేయించవచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

వంతుల వారీగా ఇవ్వడం. ‘ఈ నెల ఉత్తమ ఉద్యోగి’ మొదటి మూడు నెలలు బాగానే ఉంటుంది. ఆ తర్వాత “ఇంకా ఎవరికి రాలేదు?” అన్న లెక్క మొదలవుతుంది. అప్పటినుంచి అది పనికి గుర్తు కాదు. ఆపేయండి.

హాజరుకు బహుమతి పెట్టడం. అమెరికాలో బట్టలుతికే ఒక పెద్ద సంస్థ శాఖలో హాజరు బహుమతి పెట్టినప్పుడు ఏమైందో పరిశోధకులు పరిశీలించి 2016లో ప్రచురించారు. బహుమతి వచ్చే అవకాశం ఉన్నంతవరకే కొందరు సమయానికి వచ్చారు. ఏ బహుమతీ లేకుండానే అంతవరకూ సమయానికి వస్తున్నవారి పనే దెబ్బతింది. వారు తమంతట తాము చేస్తున్నదానికి వెల కట్టినట్టయింది.

పోటీ ప్రకటించి ఇవ్వడం. “ఈ పని చేస్తే ఇది ఇస్తాం” అని ముందే చెబితే అది కూలి అవుతుంది. జ్ఞాపిక పని అయ్యాక, అడగకుండా రావాలి.

అధికారులకే అధికారులు ఇచ్చుకోవడం. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అందరూ చూస్తూనే ఉంటారు.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూసుకోవాలి

ఇచ్చిన రోజు చప్పట్లు లెక్కలోకి తీసుకోకండి. మూడు నెలలు ఆగి ఈ నాలుగూ చూడండి.

1. ఆ వస్తువు ఎక్కడుంది? బల్ల మీద ఉన్నా, ఇంటికి పట్టుకెళ్లినా మంచిదే. అట్టపెట్టెలోనే, విప్పకుండా సొరుగులో ఉంటే ఏదో తప్పింది.
2. పక్కన పనిచేసేవారిని “ఆవిడకు అది దేనికిచ్చారు?” అని మామూలుగా అడగండి. పని పేరు చెబితే సరే. “ఏమో, బాగా చేస్తుందనట” అంటే అడుగు 4కు, అడుగు 7కు తిరిగి వెళ్లండి.
3. సిబ్బందే వచ్చి “ఫలానాయన ఇలా చేశారు, మీరు చూశారో లేదో” అని చెబుతున్నారా? ఒక్కరు అలా వచ్చినా మీ పద్ధతి వేళ్లూనుతోందన్నట్టే. ఆ మాట విన్న రోజే రాసిపెట్టుకోండి.
4. పుస్తకం తిరగేయండి. పేర్లన్నీ ఒకే విభాగంవా, ఒకే షిఫ్టువా? అయితే మిగతా చోట్ల మంచి పని జరగక కాదు, మీ చూపు అక్కడిదాకా వెళ్లక. వచ్చే వారం ఆ షిఫ్టు మొదలయ్యే వేళకు వెళ్లి, అడుగు 1లోని ప్రశ్న వాళ్లను అడగండి.